దసలి పురుగు చుట్టాలెవరు?

దసలి పట్టునిచ్చే చిమ్మట ఆకలి ఎరగదు. మిగతా చిమ్మటలకు తేనె పీల్చే తొండం ఉండే చోట దీనికి పనికిరాని మొలకలు రెండు మాత్రమే ఉంటాయి. గూడు వదిలి బయటికి వచ్చిన రాత్రి నుంచి చచ్చేదాకా, అంటే మహా అయితే వారం పది రోజులు, ఏమీ తినదు. జత వెతుక్కోవడం, గుడ్లు పెట్టడం, ఈ రెండే దాని పనులు. అరచేయంత రెక్కలు ఆడించడానికి కావలసిన ఇంధనమంతా పురుగుగా ఉన్నప్పుడే తిని కొవ్వుగా దాచుకుంది. ఒక్క దసలికే కాదు, అది పుట్టిన శాటర్నిడే కుటుంబం మొత్తానికీ ఇదే లక్షణం.

ఈ కుటుంబంలో పేరున్న వాళ్లు చాలామందే ఉన్నారు. 24 సెంటీమీటర్లకు పైగా రెక్కలు చాచే అట్లాస్ చిమ్మట, న్యూగినీలోనూ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లోనూ ఉండే హెర్క్యులిస్ చిమ్మట, పొడవాటి తోకల లేతాకుపచ్చ చంద్ర చిమ్మట, అస్సాం ముగా, ఆముదపాకు తినే ఎరి, ఆఫ్రికాలో జనం ఎండబెట్టుకుని తినే మోపానీ పురుగు, మనిషి ప్రాణం తీయగల బ్రెజిల్ గొంగళి, అందరూ ఒక ఇంటివాళ్లే. మనం పట్టుచీరలకు పెంచే మల్బరీ పురుగు మాత్రం ఈ ఇంటిది కాదు. దానిది పక్కనే ఉన్న బాంబిసిడే కుటుంబం. శాటర్నిడేలు చలిదేశాల్లోనూ ఉన్నాయి గానీ వాటి పుట్టిల్లూ, ఎక్కువ మంది కాపురమూ ఉష్ణమండల అడవుల్లోనే.

ఇంత కలగలుపు గుంపును ఒక్క కుటుంబంగా కట్టి ఉంచుతున్నదేమిటి? అందులో నిజంగా ఎన్ని జాతులున్నాయి? రెండు వందల యాభై ఏళ్లుగా శాస్త్రజ్ఞులు ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతున్నారు. నన్నడిగితే ఆ కాలంలో ఎక్కువ భాగం రెక్కలు చూస్తూ గడిచిపోయింది. పనికొచ్చే జవాబులు మాత్రం చాలావరకు పురుగు దగ్గరే దొరికాయి.

పురుగు సంగతి తేల్చిన వాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది డేనియల్ జాంజెన్‌ను. కోస్టారికాలోని శాంటా రోసా అడవిలో ఏళ్ల తరబడి గొంగళులను ఏరి, అవి తినే ఆకు మీదే పెంచి, ఏ చిమ్మట బయటికొస్తుందో చూసిన మనిషి ఆయన. 1984లో ఆయన రాసిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ చదవదగ్గది. ఉష్ణమండలంలో పెద్ద చిమ్మటగా బతకడానికి రెండు దారులున్నాయని అందులో వాదించాడు. ఒకటి స్ఫింజిడే కుటుంబానికి చెందిన హాక్‌మాత్‌ల దారి. వాటి చిమ్మటలు వారాల తరబడి బతుకుతాయి, పూలతేనె తాగుతూ దూరదూరాలు తిరుగుతాయి, ఒక్కో గుడ్డునూ ఏరికోరిన మొక్క మీద పెడతాయి. వాటి పురుగులు తినేది లేత ఆకులు, ఆల్కలాయిడ్ల వంటి పదునైన విషాలున్న మొక్కలు. ఆ విషాన్ని తట్టుకునే శక్తి ఒక్కో జాతికి ఒకటి రెండు రకాల మొక్కల వరకే ఉంటుంది. రెండోది శాటర్నిడేల దారి. ఆడది గుడ్లతో నిండిన పొట్టతోనే గూడు వదులుతుంది, జతకట్టిన వెంటనే గుంపులు గుంపులుగా పెట్టేస్తుంది, చెట్టు ఎంపిక గురించి పెద్దగా పట్టించుకోదు. పట్టించుకునే తీరిక లేదు కాబట్టే పురుగు నానారకాల చెట్లనూ తినగలగాలి. అలాంటి పురుగుకు దొరికేది ముదురు ఆకు, వగరు ఆకు, టానిన్ దండిగా ఉన్న ఆకు.

టానిన్ తెలుగువాళ్లకు కొత్తదేం కాదు. కలంకారీ బట్టను రంగులకు ముందు ముంచేది కరక్కాయ రసంలోనే. ఆ వగరే టానిన్. అది ప్రొటీన్‌ను పట్టుకుని వదలదు. తోలును గట్టిపరిచేదీ, పురుగు కడుపులో తిండి అరక్కుండా అడ్డుపడేదీ అదే గుణం. కరక్కాయ, తానికాయ, తెల్లమద్ది, నల్లమద్ది అన్నీ టెర్మినేలియా అనే ఒకే ప్రజాతి చెట్లు. దసలి పురుగు ఇష్టంగా తినేది మద్ది ఆకు. మరి ఆ వగరు దాన్నెందుకు ఏమీ చేయదు?

జవాబు దవడల్లో ఉంది. బెర్నేస్, జాంజెన్ కలిసి 1988లో రెండు కుటుంబాల పురుగుల నోళ్లు విప్పి పోల్చి చూశారు. హాక్‌మాత్ పురుగు దవడలు పొడవుగా, పళ్లూ గట్లతో ఉంటాయి. అది ఆకును చింపి, నలిపి, ముద్ద చేసి మింగుతుంది. శాటర్నిడే పురుగు దవడ పొట్టిది, అంచు నున్నగా ఉంటుంది. అది ఆకును అడకత్తెరలో వక్కలా ముక్కలు ముక్కలుగా తెంపి మింగేస్తుంది. పెంటికను నీళ్లలో విప్పి భూతద్దం కింద పెడితే ఇంచుమించు ఒకే కొలతలో ఉన్న ఆకు ముక్కలు కనిపిస్తాయి. ఆకును నలపకపోతే దానిలోని టానిన్ పూర్తిగా బయటికి రాదు. వచ్చిన కాస్తనూ పురుగు పేగుల్లోని క్షారగుణం ప్రొటీన్‌కు అంటనీయదు. పోషకాలు కూడా కొంత వృథాగా పోతాయి, అందుకే ఈ పురుగులు అంతంత తింటాయి, మెల్లగా పెరుగుతాయి. నోరు లేని చిమ్మటకూ, నున్నని దవడ ఉన్న పురుగుకూ ఉన్న ఈ లంకెను పట్టుకోవడమే ఈ కుటుంబపు జీవశాస్త్రంలో అన్నిటికంటే పెద్ద ముందడుగని నా అభిప్రాయం.

పిల్లప్పుడు దాచుకున్న ఇంధనంతో వారం రోజులు బతికే జీవికి వృథా చేయడానికి సమయం లేదు. ఆడది చాలావరకు కదలకుండా ఉండి వాసన వదులుతుంది, మగది వెతుక్కుంటూ వస్తుంది. మగదాని స్పర్శశృంగాలు ఈకల్లా విచ్చుకుని ఉంటాయి, ఆ కొమ్మలన్నిటి మీదా వాసన పట్టే సన్నటి రోమాలుంటాయి. ఫ్రాన్స్‌లో కీటకాల పరిశీలకుడు ఫాబ్ర్ చేసిన ప్రయోగం ఈ విషయంలో అందరికీ తెలిసిన కథ. పొద్దున ఆయన ఇంట్లో గ్రేట్ పీకాక్ ఆడ చిమ్మట ఒకటి గూడు వదిలింది. దాన్ని జాలీ కింద పెట్టాడు. రాత్రయ్యేసరికి దాదాపు నలభై మగ చిమ్మటలు ఇల్లంతా నిండిపోయాయి. వాసనను కప్పేద్దామని నాఫ్తలీన్ పెట్టినా రావడం మానలేదు. ఆ వాసన రసాయనమేమిటో తేల్చడానికి ఆయన కాలానికి పరికరాలు లేవు. తొలిసారి ఒక కీటకపు లైంగిక వాసనను విడదీసి గుర్తించింది 1959లో బ్యూటెనాంట్ బృందం, అదీ ఐదు లక్షల మల్బరీ చిమ్మటల గ్రంథులను వడగట్టాక.

మగది ఎగిరే దారిలో గబ్బిలాలుంటాయి. చాలా చిమ్మట కుటుంబాలకు గబ్బిలం కూతను వినే చెవులున్నాయి, శాటర్నిడేలకు లేవు. చెవుల బదులు కొన్నిటికి తోకలున్నాయి. అమెరికాలోని బోయిసీలో జెస్సీ బార్బర్ బృందం 2015లో ప్రకటించిన ప్రయోగంలో లూనా చిమ్మటలను చీకటి గదిలో గబ్బిలాల ముందు వదిలారు. తోకలున్నవాటిలో గబ్బిలాలకు చిక్కినవి నూటికి 35. తోకలు కత్తిరించిన వాటిలో 81. ఎగిరేటప్పుడు మెలితిరిగే ఆ తోకల కొసలు ప్రతిధ్వనిని తమవైపు లాక్కుంటాయి, గబ్బిలం శరీరాన్ని వదిలి తోకను కొరుకుతుంది. మన తూర్పు కనుమల్లో గుంపెన ఆకు తిని పెరిగే చంద్ర చిమ్మట ఈ లూనాకు సొంత ప్రజాతిలోనిదే. ఇలా కొలిచి చెప్పిన సంగతుల పక్కన, అట్లాస్ చిమ్మట రెక్క కొస పాము తలలా ఉండి పిట్టలను బెదిరిస్తుందనే మాటను నేను అంత నమ్మకంగా చెప్పలేను. ఫొటోలో బాగానే ఉంటుంది. పిట్టల ముందు పరీక్ష పెట్టి తేల్చిన సంగతి వేరు, మనిషి కంటికి పాములా తోచడం వేరు.

ఇక పట్టు. ఈ కుటుంబానికి వాడుకలో ఉన్న పేరు అడవి పట్టు చిమ్మటలు. నిజానికి ఇందులో పెద్ద భాగానికి పట్టుగూడే లేదు. అమెరికాలో ఉండే సెరాటోకాంపినే ఉపకుటుంబం పురుగులూ, ఆఫ్రికా బునేయినీ తెగ పురుగులూ చెట్టు దిగి మట్టిలోకి దూరి, గూడు కట్టకుండానే ప్యూపాగా మారతాయి. మోపానీ పురుగు ఆ తెగదే. జింబాబ్వే, బోట్స్వానా, దక్షిణాఫ్రికా, నమీబియాల్లో దాన్ని మట్టిలోకి దిగకముందే చెట్ల మీంచి ఏరి, పేగులోని ఆకుపసరు పిండేసి, ఉప్పునీళ్లలో ఉడికించి, ఎండబెడతారు. అక్కడ ఇది బజారులో అమ్ముడుపోయే మాంసకృత్తు.

గూడు కట్టేవాటిలోనూ పద్ధతులు వేరు. ఎరి గూటికి ఒకవైపు దారి ఉంటుంది, చిమ్మట దేన్నీ కోయకుండా బయటికొచ్చేస్తుంది. అందుకే ఆ పోగును పొడవుగా లాగలేం, దూదిలా వడకాలి. దసలి పురుగు మరీ పకడ్బందీగా కడుతుంది. రెండు మూడు ఆకులను దగ్గరికి లాక్కుని, ముందుగా కొమ్మ చుట్టూ పట్టుతో ఒక ఉంగరం వేస్తుంది. ఆ ఉంగరం నుంచి గట్టి తొడిమ దించుతుంది. ఆ తొడిమకు వేలాడేలా కోడిగుడ్డంత కాయ అల్లుకుని లోపల మూసుకుపోతుంది. ఆకు రాలిపోయినా కాయ కొమ్మను వదలదు. ఎక్కడా రంధ్రం లేని, గోటికి లొంగని ఈ కాయలోంచి నోరు లేని చిమ్మట ఎలా వస్తుంది? 1964లో కఫాటోస్, విలియమ్స్ దీనికి జవాబు చెప్పారు. దసలి చేరిన ఆంథెరియా ప్రజాతి చిమ్మట బయటికొచ్చే ముందు కొకూనేస్ అనే ఎంజైమును స్రవిస్తుంది. అది పోగులను అతికించి ఉంచే జిగురును కరిగిస్తుంది, పోగులను తెంపదు. మెత్తబడిన చోట తలతో తోసి పోగుల మధ్య దారి చేసుకుంటుంది.

ఆ విలియమ్స్ హార్వర్డ్‌లో ఈ కుటుంబపు సెక్రోపియా చిమ్మట ప్యూపాల మీద జీవితమంతా పనిచేశాడు. చలికాలమంతా నిద్రపోయే ప్యూపాను మేల్కొలిపే సంకేతం మెదడులో పుడుతుందని చూపించాడు. పురుగును పురుగుగానే ఉంచే జువెనైల్ హార్మోనును 1956లో సెక్రోపియా మగ చిమ్మటల పొట్టల నుంచి తీశాడు. అవే ప్యూపాల్లో బోమన్ బృందం 1981లో సూక్ష్మజీవులను చంపే సెక్రోపిన్ ప్రొటీన్లను గుర్తించింది. పెద్ద ప్యూపా, బోలెడంత రక్తం, నెలల తరబడి కదలని ఓపిక, ప్రయోగశాలకు ఇంతకంటే ఏం కావాలి?

విషం గురించి క్లుప్తంగా. హెమిల్యుసినే అనే అమెరికా ఉపకుటుంబం పురుగులకు ముళ్లున్నాయి, కొన్నిటి ముళ్లలో విషముంది. దక్షిణ బ్రెజిల్‌లో లోనోమియా ఒబ్లిక్వా పురుగులు పగలు చెట్టు మాను మీద గుంపుగా అతుక్కుని ఉంటాయి, బెరడు రంగులోనే ఉంటాయి. చేయి ఆనిస్తే రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిని లోపల రక్తస్రావం మొదలవుతుంది. సావోపాలోలోని బుటాన్టన్ సంస్థ దీనికి విరుగుడు సీరం తయారుచేసింది. మన దేశపు శాటర్నిడేల్లో ఇలాంటిదేదీ లేదు.

వర్గీకరణ కథ 1758లో లినేయస్‌తో మొదలవుతుంది. ఆయన హాక్‌మాత్‌ల వంటివి పోను మిగతా చిమ్మటలన్నిటినీ ఫలేనా అనే ఒక్క గంపలో వేశాడు. 1837లో బ్వాదువాల్ ఈ కుటుంబానికి పేరు పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా సంపన్నుల సేకరణ పెట్టెలే దీని చరిత్ర. పెద్ద రెక్కలు, కిటికీల్లాంటి పారదర్శక చుక్కలు, మంచి రంగులు, సేకర్తకు ఇంకేం కావాలి? చుక్క కాస్త పెద్దదైతే ఒక పేరు, రంగు కాస్త ముదిరితే ఇంకో పేరు పెట్టుకుంటూ పోయారు. ఈ అలవాటుకు మొదటి గట్టి కళ్లెం 1952లో ఛార్లెస్ మిచెనర్ వేశాడు. తర్వాతి కాలంలో తేనెటీగల శాస్త్రవేత్తగా పేరుపడ్డ ఆయనే పడమటి అర్ధగోళపు శాటర్నిడేల మీద పెద్ద గ్రంథం రాశాడు. అంతవరకు వేరే కుటుంబాలుగా ఉన్నవాటిని ఉపకుటుంబాలుగా ఇందులో చేర్చాడు, జననాంగాల నిర్మాణాన్నీ కాళ్లూ స్పర్శశృంగాల వివరాలనూ ఆధారం చేసుకున్నాడు. ఫ్రాన్స్‌కు చెందిన క్లోద్ లెమేర్ 1978 నుంచి 2002 దాకా సంపుటాలుగా దక్షిణ, మధ్య అమెరికాల జాతులను తిరగరాశాడు. 1994లో మినే మరో రెండు చిన్న గుంపులను, ఆక్సిటెనినే, సెర్కోఫానినేలను ఈ ఇంట్లోకి తెచ్చాడు.

ఇప్పుడు సాధారణంగా లెక్కించే ఉపకుటుంబాలు ఎనిమిది. అందులో ఐదు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా లేవు. యూరప్, ఆసియాల్లో అగ్లియినే, ఆసియాలో సలాసినే అనే చిన్న గుంపులున్నాయి. మిగిలిన శాటర్నినే ఒక్కటే ప్రపంచమంతా పరుచుకుంది. దసలి, ముగా, ఎరి, అట్లాస్, మోపానీ అన్నీ ఇందులోవే. కుటుంబంలోని పాత కొమ్మలు అమెరికాలోనే ఇంత గుమికూడి ఉండటం వల్ల దీని మొదలు కూడా అక్కడే అనే అభిప్రాయం బలపడుతోంది. డీఎన్ఏ పరిశోధనలు మల్బరీ పురుగు కుటుంబాన్నీ హాక్‌మాత్‌లనూ శాటర్నిడేలకు దగ్గరి చుట్టాలని తేల్చాయి. ఆ ముగ్గురిలో ఎవరు ఎవరికి మరీ దగ్గరో మాత్రం అధ్యయనాన్ని బట్టి మారుతూ వచ్చింది.

రెండో ప్రశ్న, ఎన్ని జాతులు? 2011లో ఒక ప్రపంచ జాబితా 2,349 అని లెక్క చెప్పింది. 2018 నాటి జాబితాలో అవి 3,400 దాటాయి. ఏడేళ్లలో వెయ్యికి పైగా పెద్ద చిమ్మటలు కొత్తగా దొరకడమంటే ఎవరికైనా అనుమానం రావాలి. కారణం డీఎన్ఏ బార్‌కోడు. మైటోకాండ్రియాలోని ఒక జన్యువులో 650 అక్షరాల ముక్కను చదివి జాతులను వేరుచేయవచ్చని 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం నుంచి పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. ఆ పద్ధతి మంచిదే. జాంజెన్ దాన్ని కోస్టారికాలో వాడినప్పుడు ఒకే జాతి అనుకున్నవి రెండుగా తేలిన సందర్భాలున్నాయి. అయితే ఆయన చేతిలో ఆ చిమ్మట ఏ ఆకు తిందో, ఏ ఎత్తున పెరిగిందో, పురుగు ఎలా ఉందో ఏళ్ల రికార్డు ఉంది. బార్‌కోడులో కొద్దిపాటి తేడా, పట్టిన ఊరి పేరు, ఎండిన రెక్కలు, ఈ మూడే ఆధారంగా పెట్టిన కొత్త పేర్లకు ఆ బలం లేదు. వాటిలో చాలావాటి పురుగును ఎవరూ చూడలేదు. సేకర్తల కాలంలో చుక్కలు లెక్కపెట్టారు, ఇప్పుడు అక్షరాలు లెక్కపెడుతున్నారు. తొందర మాత్రం అదే.

ఇది మనకు దూరపు గొడవేమీ కాదు. దసలి చిమ్మట పేరే ఇప్పటికీ కుదురుకోలేదు. లినేయస్ 1758లో పేఫియా అన్నాడు, డ్రూరీ 1773లో మైలిట్టా అన్నాడు. మొదటి పేరు అసలు ఏ చిమ్మటకు పెట్టిందన్న వాదం ఉంది. మన పట్టు పరిశ్రమ పుస్తకాలన్నీ మైలిట్టా అనే వాడుతున్నాయి, అలా వాడటమే మేలు. దీని మీద తొలి వివరమైన వ్యాసాల్లో ఒకటి 1804లో లండన్ లినేయన్ సొసైటీ పత్రికలో వచ్చింది. బెంగాల్ దసలి, ఎరి పురుగుల మీద దాన్ని రాసిన విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు వెళ్లకముందు సామర్లకోటలో ఏళ్లపాటు మొక్కలు పెంచినవాడే.

మైలిట్టాలో నలభైకి పైగా ప్రాంతీయ రకాలను గుర్తించారు. ఝార్ఖండ్‌లో దాబా, ఒడిశాలో మోడల్, బస్తర్‌లో రైలీ, మన వైపు ఆంధ్ర లోకల్. మోడల్, రైలీ సాల అడవుల్లో ఉంటాయి, వాటి కాయలను చెట్ల మీంచి ఏరుకొస్తారు. ఆంధ్ర లోకల్‌ది మద్ది చెట్టు, కాయ చిన్నది, ఏడాదికి మూడు కాపులు. ఇవన్నీ ఒకదానితో ఒకటి జతకడతాయి కాబట్టి వేరు జాతులని ఎవరూ అనరు. అలాగని ఒకదాని బదులు ఇంకోటి పెడితే పని జరగదు, ఎండకు తట్టుకునేదీ ఆకు ఎంచుకునేదీ కాపుల లెక్కా వేరు.

జాతి అంటే ఏమిటో తేల్చడం ఎంత కష్టమో చూడాలంటే ఇదే ప్రజాతిలో ఇంకాస్త ముందుకు వెళ్లాలి. దసలికి క్రోమోజోములు 31 జతలు, ముగాకు 15, చైనా ఓక్ దసలికి 49, హిమాలయాల రాయ్లీకి దాదాపు 30. అన్ని తేడాలున్నా 1960ల చివర మన శాస్త్రజ్ఞులు చైనా ఓక్ దసలి అయిన పెర్నీని రాయ్లీతో కలిపారు. పుట్టిన సంకరం గొడ్డు కాలేదు, తరాలు నిలిచింది. ప్రోయ్లీ అనే ఆ సంకరాన్నే మణిపూర్‌లో ఓక్ చెట్ల మీద పెంచుతారు. పాఠ్యపుస్తకం చెప్పే జాతి నిర్వచనానికి ఆంథెరియా ప్రజాతి ఎప్పుడూ లొంగలేదు, బార్‌కోడుకు మాత్రం ఎందుకు లొంగాలి?

మహదేవపూర్, చెన్నూరు వైపు దసలి పెంచే రైతులకు ఈ చర్చతో పని లేదు. గుడ్లు పొదిగిన దగ్గర్నుంచి కాయ కట్టేదాకా వాళ్లు మద్ది చెట్ల కింద కాపలా ఉంటారు. చీమ, కందిరీగ, పిట్ట, ఊజి ఈగ, పురుగులో గుచ్చి రసం పీల్చే నల్లి, అన్నీ ఆ పచ్చటి పురుగు కోసమే కాచుకుని ఉంటాయి. ఏ చెట్టు మీద పురుగు ఎన్ని రోజులు తిన్నది, ఏ వానకు ఎన్ని చచ్చాయి, ఎప్పుడు కుబుసం విడిచింది వాళ్లకు తెలుసు. కొత్త జాతుల వెంట పరుగెత్తే వర్గీకరణకు కొరవడిన సమాచారం సరిగ్గా ఇదే.

మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో కీటకశాస్త్రం చదివే వాళ్లకు ఒక్క మాట. తూర్పు కనుమల్లోనూ గోదావరి అడవుల్లోనూ శాటర్నిడే పురుగులను ఆకుతో సహా తెచ్చి, చిమ్మటగా మారేదాకా పెంచి, చెట్టు పేరు, తేదీ, ఊరు రాసి పెట్టండి. బార్‌కోడు తర్వాత ఎవరైనా తీయగలరు. ఆకు పేరు లేకపోతే ఆ చిమ్మట గురించి మీకు తెలిసింది సగమే.